కాగితం చదివి వినిపించిన రోజులు

మా రోజుల్లో దస్తావేజు రాయడం సగం పనే. రాసింది నలుగురి ముందర గట్టిగా చదివి వినిపిస్తేనే పని పూర్తయినట్టు. రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద రైటర్లు చాపలూ రాతబల్లలూ వేసుకుని కూచునేవాళ్ళు. అమ్మేవాడు, కొనేవాడు, సాక్షులు, వెంట వచ్చిన అన్నదమ్ములు చుట్టూ చేరితే రైటరు కళ్ళజోడు సవరించుకుని మొదటి అక్షరం నుంచి కడదాకా చదివేవాడు. చదవకుండా వేలిముద్ర వేయించుకునే రైటరు దగ్గరికి రెండోసారి ఎవరూ పోయేవాళ్ళు కాదు.

నేను వకీలు గుమాస్తాగా చేరి మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల మధ్య బస్సుల్లో తిరుగుతూ ముసలివాణ్ణయినాను. నా కళ్ళ ముందరే సివిల్ చట్టాలు చాలా మారినాయి. మారక తప్పనివీ, మారి మంచి చేసినవీ వాటిలో ఉన్నాయి. నా కడుపుమంటంతా ఒక్కదాని మీద. మారిన చట్టాన్ని, దాని కింద రాసిన కాగితాన్ని, ఆ కాగితంతో బతకవలసిన మనిషికి చదివి చెప్పే మనిషి లేకుండా పోయినాడు.

ఒక సంగతి చెబుతాను. రామసముద్రం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన మెట్టభూమి క్రయం రాసిస్తున్నాడు. రైటరు చెక్కుబందీ చదువుతున్నాడు. తూర్పున బాట, పడమర వంక, ఉత్తరాన ఫలానా వాళ్ళ పట్టా భూమి. రైతు చెయ్యెత్తినాడు.

"నిలుపు సామీ. తూర్పున బాట అనేస్తే ఎట్లా? ఆ బాటలో సగం నా చేన్లోంచి ఇడిసిందే. రేపు నా ఎనక చేన్లోకి బండి యాడ పోవల్ల?"

రైటరు ఆ పంక్తి కొట్టేసినాడు. బాటలో ఇద్దరికీ బండి తోలుకునే హక్కు ఉన్నట్టు అంచున రాసినాడు. ఇద్దరి చేతా దిద్దుబాటు పక్కన వేలిముద్రలు వేయించి, ఫలానా పుటలో ఫలానా పంక్తిలో కొట్టివేత ఉందని దస్తావేజు చివర మళ్ళీ రాసినాడు. అరగంట ఆలస్యమైంది, అంతే. దారి దావా చూసినవాళ్ళకు ఆ అరగంట విలువ తెలుస్తుంది. ప్లెయింటు, మధ్యంతర ఇంజంక్షన్, కమిషనరు కొలతలు, సర్వేయరు సాక్ష్యం, డిక్రీ, అప్పీలు, సెకండ్ అప్పీలు. తాత వేసిన దావాలో మనవడు బోనెక్కిన కేసుల కట్టలు నేను చేతులతో మోసినాను.

లోపలికి పోయినాక సబ్ రిజిస్ట్రారు కూడా అడిగేవాడు. "రాసిచ్చింది నువ్వేనా? డబ్బు ముట్టిందా? ఏమి రాసిచ్చినావో తెలుసా?" రాసిచ్చినవాడు ఒప్పుకుంటేనే రిజిస్టరు చెయ్యాలన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని నియమం. ఆ చట్టం ఈ రోజుకీ అదే. దాని ప్రాణం మాత్రం పోయింది. ఇప్పుడు వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తారు, అచ్చయిన నమూనాలో ఖాళీలు నిండుతాయి, ముసలాయన వేలు యంత్రం మీద పెట్టిస్తారు, కెమెరా వైపు చూడమంటారు. ముద్ర పడకపోతే వేలు తుడిచి మళ్ళీ పెట్టిస్తారు. కాగితంలో ఏముందో మాత్రం ఆయనకు ఒక్కరూ చెప్పరు. నమూనాలో దాన విక్రయాది సర్వహక్కులు అని ఉంటుంది, పుత్రపౌత్ర పారంపర్యంగా అని ఉంటుంది, ఆయన చేను వెనక బండిబాట గురించి ఉండదు.

కంప్యూటరు వద్దని నేననను. 1998లో కార్డ్ అనే కంప్యూటరు పద్ధతి రాకముందు ఈ.సి. (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పాత సంపుటాలు తిరగేసి, గుమాస్తాను బతిమాలి, రోజులు రోజులు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడది ఇంట్లో కూచుని తీసుకోవచ్చు. ఒకే భూమిని ఇద్దరికి అమ్మే మోసగాళ్ళకు దానితో కొంత అడ్డుకట్ట పడింది. మంచిదే. మిగిలిన ఆ సమయంలో పది నిమిషాలు ముసలాయనకు దస్తావేజు చదివి వినిపించడానికి ఎందుకు దొరకవన్నది నా ప్రశ్న.

కోర్టులోనూ ఇదే కథ. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను 1999లో, 2002లో సవరించి, 2002 జులై 1 నుంచి అమలు చేసినారు. దావా త్వరగా తెమలాలని మంచి ఉద్దేశంతోనే చేసినారు. జవాబు దావా 30 రోజుల్లో వెయ్యాలి, కారణం చెబితే 90 రోజుల దాకా. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. తొంభై రోజులు దాటినా తగిన కారణం ఉంటే కోర్టు ఒప్పుకోవచ్చని సుప్రీంకోర్టు తర్వాత చెప్పింది. మూడు వాయిదాల సంగతి కోర్టు వరండాల్లో నిలబడినవాళ్ళను అడగండి.

అన్నిటికన్నా పెద్ద మార్పు చీఫ్ ఎగ్జామినేషన్‌ది. మా రోజుల్లో డఫేదారు పేరు మూడుసార్లు పిలిస్తే సాక్షి బోనెక్కేవాడు. వకీలు అడిగితే తన మాటల్లో చెప్పేవాడు. జడ్జి రాసుకునేవారు, రాసింది మళ్ళీ చదివి వినిపించేవారు. సాక్షి తడబడితే కనబడేది, నిజం చెబుతుంటే ఆ గొంతే చెప్పేది. 2002 తర్వాత చీఫ్ అంతా అఫిడవిట్టు. వకీలు ఆఫీసులో టైపు చేస్తారు, సాక్షి సంతకమో వేలిముద్రో వేస్తాడు, క్రాస్ మాత్రం బోనులో. సమయం మిగిలింది, ఒప్పుకుంటాను. కాని పుంగనూరు కోర్టులో ఒక అవ్వను బోనులో చూసినాను. మనవడితో భూమి తగాదా. అవతలి వకీలు అడిగినాడు. "అవ్వా, నీ అఫిడవిట్టులో నాలుగో పేరాలో ఏం చెప్పినావు?" అవ్వ కాసేపు జడ్జి వైపు చూసి, "మా వకీలు సారు రాసినాడు నాయనా. నేను ఏలు ఏసినా. అందులో ఏముండాదో నాకు సెప్పలేదు" అనింది. అబద్ధం చెప్పడం చేతగాని ఆ ఒక్క మాటతో ఆమె కేసు బలహీనపడింది. పొలం ఆమెదే, ముప్పై ఏండ్లు ఆమే దున్నించింది. రాసింది చదివి వినిపించి ఉంటే ఆ పొలం కథ ఆమె నాలుగో పేరా కన్నా బాగా చెప్పుండేది.

ఆడబిడ్డల హక్కు మాట ఎత్తకుండా మా రోజుల గురించి గొప్పలు చెబితే అన్యాయం. మా రోజుల్లో పారికత్తు అంటే మగపిల్లల మధ్య పంపకమే. కూతురికి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద రవ్వంత భూమి, లేకపోతే రెండు తులాల బంగారు. ఆ పద్ధతిని ముందుగా కదిలించిన రాష్ట్రాల్లో మనదొకటి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కూడా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం అది అందలేదు. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళకూ ఇచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అని పదిహేనేళ్ళు కోర్టులు కొట్టుకుంటే, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అక్కర లేదని తేల్చింది. ఇంత న్యాయమైన మార్పు నా జీవితంలో ఇంకోటి చూడలేదు.

కుప్పం కోర్టులో దీని సంగతి ఇంకా చిత్రంగా ఉండేది. అక్కడ ఒక కుటుంబానికి చేను ఆంధ్రలో, ఇల్లు కృష్ణగిరి వైపు, ఆడబిడ్డ అత్తగారిల్లు కె.జి.ఎఫ్. పక్కన ఉండడం మామూలు. తమిళనాడు తన సవరణ 1989 మార్చి 25 నుంచి తెచ్చింది, కర్ణాటక 1994 జులై 30 నుంచి. ఒకే తండ్రి బిడ్డలకు, ఒకే రాతిగట్టుకు అటూ ఇటూ ఉన్న భూముల్లో, మూడు తేదీలు. పెళ్ళి ఏ నెలలో జరిగిందని లగ్నపత్రికలు వెదికి తెచ్చేవాళ్ళు. 2005తో ఆ చిక్కు చాలావరకు తీరింది.

చట్టం ఇచ్చింది సరే, ఇంట్లో ఏమి జరుగుతోంది? తండ్రి పోయిన పదకొండో రోజు కర్మ అయిన వెంటనే అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను ఆటోలో ఎక్కించుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకపోతున్నారు. "సంతకం పెట్టు అక్కా, బ్యాంకు లోను కోసం" అంటారు. అది హక్కు విడుదల పత్రం. చీరా జాకెట్టు పెట్టి పంపిస్తారు. ఆమె ఏమి వదులుకుందో ఆమెకు తెలిసేది ఏండ్ల తర్వాత, కూతురి చదువుకు అప్పు పుట్టని రోజున. తెలిసి, ఇష్టపడి, పుట్టింటి మీది ప్రేమతో వదులుకునే ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. వాళ్ళకు దండం పెడతాను. తెలియకుండా వదిలించుకోవడం మాత్రం దొంగతనం. ఆ పత్రాన్ని గట్టిగా చదివి, "అమ్మా, దీంతో ఈ సర్వే నెంబర్లలో నీ వాటా పోతుంది, ఇంక అడగడానికి లేదు" అని ఒక్కరు చెప్పి ఉంటే, నాకు తెలిసిన సగం పారికత్తు దావాలు పుట్టేవి కావు.

భూమి రికార్డుల సంగతికి వస్తాను. పుంగనూరు జమీను, కుప్పం వైపు కంగుంది జమీను 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయినాయి. రైత్వారీ పట్టాలొచ్చినాయి. మా నాయన కాలంలో రైతుకు జరిగిన గొప్ప మేలు అది. ఆ తర్వాత ఊళ్ళో లెక్క చూసింది కరణం. 1984 జనవరిలో ఎన్.టి.ఆర్. ఒక్క ఆర్డినెన్సుతో కరణాలను, మునసబులను తీసేసినారు. వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో పదవి ఉండడం తప్పే, దానివల్ల నలిగిన పేదవాళ్ళను నేనెరుగుదును. తీసెయ్యడం న్యాయమే. ఆ కరణాల్లో మంచివాడు మాత్రం ఒక పని చేసేవాడు. జమాబందీ ముందర రచ్చబండ దగ్గర కూచుని అడంగల్ చదివేవాడు. "ఫలానా నెంబరులో వేరుశనగ, అనుభవం ఫలానా" అంటే, కాదన్నవాడు అక్కడే లేచి కాదనేవాడు. ఊరంతా సాక్షి. ఆ చదువు ఎవరికి అప్పజెప్పినారు? కొంతకాలం ఎవరికీ లేదు. ఇప్పుడు 2019 నుంచి గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు, వి.ఆర్.ఓ. ఉన్నాడు, వెబ్‌ల్యాండ్ ఉంది. అనుభవం గడిలో పేరు మారిన సంగతి రైతుకు తెలిసేది రుణం కోసం 1బి (హక్కుల రికార్డు నకలు) తీసుకున్నప్పుడు.

డి.కె.టి. భూముల కథ చూడండి. పేదలకిచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని 1977లో చట్టం. ఆ చట్టం వల్ల పుంగనూరు వైపు రైతులు బిడ్డ పెళ్ళికి కూడా అమ్ముకోలేక తెల్లకాగితం మీద రాసిచ్చి పోగొట్టుకున్నారు. 2023లో సవరించి ఇరవై ఏండ్లు దాటితే పూర్తి హక్కులిస్తామన్నారు. ఆ పేరుతో ఎవరి భూమి ఎవరికి చేరిందని మరుసటి ఏడే ప్రభుత్వం విచారణకు దిగింది. చట్టం మంచిదో కాదో తర్వాత. అసలు పట్టాదారు ఇంటికి పోయి, "ఇట్లా చట్టం మారింది, తొందరపడి ఎవరికీ రాసివ్వొద్దు" అని చెప్పినవాళ్ళు లేరు. రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు మాత్రం ముందుగా తెలుసుకుని వచ్చినారు.

ఇక ల్యాండ్ టైట్లింగ్ చట్టం. శాసనసభ తెచ్చి, మార్చి, మళ్ళీ తెచ్చి, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చినారు. హక్కు రిజిస్టరులో పేరెక్కి రెండేండ్లు ఎవరూ అడ్డు చెప్పకపోతే అదే తిరుగులేని హక్కు. తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోయేందుకు లేదు, ఆ చట్టం కింద పెట్టిన అధికారి దగ్గరికే. వకీళ్ళు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కినారు. 2024 ఎన్నికల్లో అదొక పెద్ద మాట అయింది. కుప్పం శాసనసభ్యుడే ముఖ్యమంత్రిగా వచ్చి జూన్‌లో రద్దు ఫైలు మీద సంతకం పెట్టినారు, జులైలో సభ రద్దు చేసింది. తెచ్చినవాళ్ళ పక్షమూ రద్దు చేసినవాళ్ళ పక్షమూ నేను తీసుకోను. అందులో ఏముందో బి.కొత్తకోట రైతుకు గానీ రామకుప్పం రైతుకు గానీ పూర్తిగా చదివి చెప్పినవాళ్ళెవరు? ఒకరు భూమి భద్రం అన్నారు, ఇంకొకరు భూమి పోతుందన్నారు. ఆ రెండు కేకల మధ్య రైతు పాసుపుస్తకం మీది బొమ్మ చూసుకుంటూ నిలబడినాడు.

ఆ జులైలోనే, 21వ తేదీ రాత్రి, మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూమి ఫైళ్ళు కాలిపోయినాయి. కేసు సి.ఐ.డి.కి పోయింది. ఎవరు, ఎందుకు అన్నది కోర్టులు తేలుస్తాయి. ఆ వారం బజారులో నిలబడిన రైతుల మొహాలు మాత్రం మరిచిపోలేను. తమ ఫైలు అందులో ఉందో లేదో, ఉంటే అందులో ఏముందో కూడా వాళ్ళకు తెలియదు. మా రోజుల్లో ఫైలు కాలితే సాక్ష్యం ఊళ్ళో నలుగురి నోట ఉండేది. ఇప్పుడు నలుగురికీ వినిపించలేదు కాబట్టి ఆ కాగితమే ఏకైక సాక్షి.

ఇదంతా ముసలివాడి సణుగుడు, కాలం వెనక్కి పోదు అంటారు. వెనక్కి పొమ్మనడం లేదు. మార్చే చట్టాన్ని జనానికి చూపించి మార్చమంటున్నాను. చైనా చూడండి. అక్కడ పెళ్ళి, వారసత్వం, కాంట్రాక్టు, ఆస్తి అని విడివిడిగా ఉన్న 9 చట్టాలను తీసేసి, 1260 అధికరణలతో ఒకే సివిల్ కోడ్ తెచ్చి 2021 జనవరి 1 నుంచి అమలు చేసినారు. దాని ముసాయిదాను విడతలు విడతలుగా జనం ముందర పెట్టి అభిప్రాయాలు తీసుకున్నారు. అక్కడ భూమి సర్కారుదో, ఊరి సమష్టిదో, మన పద్ధతి కాదు. విడాకులకు అర్జీ పెట్టినాక 30 రోజులు ఆగమనే నియమం మీద అక్కడే విమర్శలున్నాయి. అయినా అందులో రెండు సంగతులు నాకు నచ్చినాయి. ఒకటి, గొంతుతో చెప్పిన వీలునామాను రికార్డు చేసి, కనీసం ఇద్దరు సాక్షులుంటే, వీడియో వీలునామాగా ఒప్పుకుంటారు. రెండోది, ఇల్లు ఇంకొకరి పేర పోయినా అందులో బతికినన్నాళ్ళు ఉండే హక్కును ముసలివాళ్ళ పేర విడిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ హక్కును అమ్మేందుకు లేదు, వారసులకు పోదు, ఆ మనిషితోనే ముగుస్తుంది.

మన దగ్గర ఈ రెండోదాని కోసం ఎందరు ముసలివాళ్ళు ఏడుస్తున్నారో! కొడుకు పేర ఇల్లు దానసెటిల్‌మెంటు రాసిచ్చి, ఆరు నెలలు తిరగకముందే ఆ ఇంటి అరుగు మీద కూచునే తల్లిదండ్రులు మదనపల్లెలో ప్రతి వీధిలో ఉన్నారు. మనకు చట్టం లేక కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. పోషించాలనే షరతు మీద ఆస్తి రాసిస్తే, పోషించకపోతే ఆ దస్తావేజును చెల్లకుండా చేయించుకోవచ్చు. సబ్ కలెక్టరు లేదా ఆర్.డి.ఓ. దగ్గరున్న ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవాలి, వకీలు అక్కరలేదు. దస్తావేజులో ఆ షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ముసలివాళ్ళ పక్షాన ఆ చట్టాన్ని ఉదారంగా చదవాలని చెప్పి ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. తర్వాతి తీర్పు మీద ఆశ పెట్టుకుని షరతు రాయించకుండా ఉండడం మాత్రం తెలివి కాదు. అచ్చయిన నమూనాలో ఆ షరతు ఉండదు, అడిగి రాయించుకోవాలి.

అందుకే నా వయసువాళ్ళకు, వాళ్ళ బిడ్డలకు చెబుతున్నాను. రేపు మీరు ఇల్లో చేనో రాసివ్వడానికి పోతే, వేలు యంత్రం మీద పెట్టకముందే "మొత్తం చదవండి, వింటాను" అనండి. నేను బతికినన్నాళ్ళు ఈ ఇంట్లో ఉంటాను, నన్ను పోషించాలి, పోషించకపోతే ఈ దస్తావేజు చెల్లదు అని తెలుగులో రాయించండి. చదివేదాకా సంతకం పెట్టొద్దండి. విసుక్కుంటారు, వెనకాల లైను ఉంది అంటారు. ఉండనీయండి. సబ్ రిజిస్ట్రార్లకు, వకీళ్ళకు, రైటర్లకు నా విన్నపం కూడా ఇదే. చదువు రాని మనిషి మీ ఎదురుగా నిలబడితే ఆ కాగితం మీ నోటితో చదివి వినిపించండి. దానికి కొత్త చట్టం అక్కరలేదు, పది నిమిషాలు చాలు.